బ్యాకప్ వేళ పెరిగిన చీర

దయ్యాలు, గాలి సోకడాలు అంటూ ఎవరైనా నా ముందు మొదలుపెడితే నాకు ఒళ్ళు మండేది. ప్రింటర్ ఆగిపోతే దాని మీద నిమ్మకాయ పెట్టే ఆఫీసు మాది. నేను ఆ నిమ్మకాయ తీసి పక్కన పడేసి, ఊడిపోయిన కేబుల్ బిగించి, "ఇదమ్మా మీ దయ్యం" అని చూపించేదాన్ని. ఇప్పటికీ నా స్వభావం అదే. ఏది పాడైనా కారణం ఉంటుంది, వెతికితే దొరుకుతుంది. ఈ ఒక్కదానికి మాత్రం నాకు దొరకలేదు.

నేను హిందూపురంలో ఒక పట్టుచీరల షాపులో కంప్యూటర్లు చూసుకుంటాను. అదే షావుకారుకి ధర్మవరంలో మగ్గాలు, డిజైన్ ఆఫీసు ఉన్నాయి. మా ఆయన ఆదినారాయణ అక్కడ చీరలకు అంచులు, పల్లూలు గీసేవాడు. నేనిక్కడ, ఆయనక్కడ కాబట్టి మధ్యలో పెనుకొండలో ఇల్లు తీసుకున్నాం. పొద్దున్నే ఒకే స్టేషన్‌కు నడిచి, నేను ఇటు రైలు, ఆయన అటు రైలు ఎక్కేవాళ్ళం. సాయంత్రం ముందు దిగినవాళ్ళు ప్లాట్‌ఫాం మీద కూర్చుని రెండోవాళ్ళ బండి కోసం చూసేవాళ్ళం.

ఆయన వాడే డిజైన్ సాఫ్ట్‌వేర్ చాలా పాతది. కొత్త కంప్యూటర్లలో నడవదు. అందుకని హిందూపురంలో మా పెద్ద సర్వర్ లోపల దానికోసం ఒక పాత కంప్యూటర్‌ను నేనే తయారు చేసి పెట్టాను. వర్చువల్ మిషన్ అంటారు దాన్ని. ఒక ఇంట్లో నాలుగైదు వాటాలు ఉన్నట్టు, ఒకే సర్వర్‌లో బిల్లింగ్‌కు ఒకటి, హాజరుకు ఒకటి, కెమెరాలకు ఒకటి, మా ఆయనకు ఒకటి. ఆయన ధర్మవరంలో కూర్చుని, ఇక్కడున్న ఆ మిషన్‌లో గీసేవాడు.

మా షావుకారుకి ఒక పట్టుదల ఉంది. కింద గోడౌన్ నిండా పట్టు. రాత్రి కరెంటు ఉంటే ఎక్కడ నిప్పు అంటుకుంటుందోనని, సాయంత్రం సాంబ్రాణి వేసి తన చేత్తోనే మెయిన్ ఆపేస్తాడు. లోకమంతా రాత్రిళ్ళు బ్యాకప్ తీస్తుంటే, నేను మధ్యాహ్నం భోజనాల వేళ తీస్తాను. సాయంత్రం సర్వర్ ఆగేముందు మిషన్లన్నీ తెరిచిన పని తెరిచినట్టే నిద్రపోతాయి, పొద్దున మళ్ళీ అక్కడినుంచే లేస్తాయి. ఆ ఏర్పాటు కూడా నేను చేసిందే.

ఆ రోజు ధర్మవరంలో మా ఆయనకు ఛాతీలో మంటగా అనిపించిందట. గ్యాస్ అనుకుని, గీస్తున్న డిజైన్ అలాగే వదిలేసి, మధ్యాహ్నం బండికే బయల్దేరాడు. పెనుకొండలో దిగాడు. ఇంటికి పోకుండా బెంచీ మీద కూర్చున్నాడు. నేను సాయంత్రం దిగేసరికి జనం మూగి ఉన్నారు. ఎవరో పాపం అనుకుని పక్కనుంచి దాటబోయాను. చెప్పులు చూసి ఆగాను.

పెద్దకర్మ అయ్యాక కూడా చాలా రోజులు నేను పనిలోకి పోలేదు. ఎవరో తాత్కాలికంగా సర్వర్ చూశారు. ఆ రోజుల్లో ఒక్క ఫిర్యాదూ లేదు. నేను తిరిగి చేరిన వారమే గొడవ మొదలైంది.

మధ్యాహ్నం బ్యాకప్ మొదలవగానే సర్వర్ మెమరీ అంతకంతకూ నిండిపోయేది. మెమరీ అంటే, పని చేసేటప్పుడు సామాను పరుచుకునే బల్ల అనుకోండి. బల్ల నిండితే ఎవరి పనీ సాగదు. కింద బిల్లింగ్ బిగుసుకుపోయేది. శ్రావణమాసం, పెళ్ళివాళ్ళు కౌంటర్ల ముందు నిలబడి అరుపులు.

నాకు తెలిసినవన్నీ చేశాను. మిషన్లన్నిటికీ ఒకేసారి కాకుండా ఒకదాని తర్వాత ఒకటి బ్యాకప్ పెట్టాను. బ్యాకప్ ప్రోగ్రాం వాడుకునే మెమరీకి హద్దు పెట్టాను. యాంటీవైరస్ ఆపాను. చివరికి ఒక్కో రోజు ఒక్కో మిషన్‌ను బ్యాకప్‌లోంచి తీసి చూశాను. బిల్లింగ్ తీసేసినా మెమరీ పెరిగింది, కెమెరాలు తీసేసినా పెరిగింది. మా ఆయన మిషన్ తీసేసిన రోజు మాత్రం సర్వర్ హాయిగా పని చేసింది.

బ్యాకప్ తీసేముందు ప్రతి మిషన్‌కూ ఒక మాట పోతుంది, కాసేపు కదలకుండా ఉండమని. కదలని బొమ్మే కాపీకి సరిగ్గా వస్తుంది. మిగతావన్నీ వెంటనే ఆగేవి. ఆయనది ఒక్కటే ఆగేది కాదు.

అప్పటిదాకా నేను ఆ మిషన్ తెరిచి చూడలేదు. ధైర్యం చాలక. ఆ రోజు తెరిచాను. డిజైన్ సాఫ్ట్‌వేర్ తెరిచే ఉంది. తెర మీద ఒక చీర అంచు, హంసల వరుస, సగం వరకు. ఆయన చివరి రోజు వదిలేసి పోయిన పని, రోజూ పడుకుని లేస్తూ అలాగే ఉండిపోయింది. సేవ్ చెయ్యలేదు. ఎన్నిసార్లు మొత్తుకున్నానో, పూర్తయ్యేదాకా సేవ్ చేసే అలవాటు ఆ మనిషికి లేదు. అంటే అది ఫైలుగా డిస్కులో ఎక్కడా లేదు. బ్యాకప్‌లోనూ లేదు. ఆ మెమరీలో తప్ప ఈ భూమ్మీద ఇంకెక్కడా లేదు. నిద్రపుచ్చడం కాకుండా, మిషన్‌ను ఒక్కసారి పూర్తిగా ఆపి మళ్ళీ పెడితే పోతుంది.

సేవ్ చేద్దామని మౌస్ కదిపాను. కదల్లేదు. కీబోర్డూ అంతే. గడియారం గుర్తు తిరుగుతోంది, ప్రోగ్రాం ఏదో పనిలో ఉన్నట్టు. బిగుసుకుపోయిందిలే అనుకుని, పోగొట్టుకుంటానన్న భయంతో ఫోన్‌లో ఫోటో తీసుకున్నాను.

మరుసటి రోజు బ్యాకప్ అయ్యాక చూస్తే హంసలు ఎక్కువ ఉన్నాయి. ఏడ్చి ఏడ్చి కళ్ళు చెడినాయి అనుకున్నాను. ఫోటో పక్కన పెట్టుకుని చూశాను. నిన్న వరుస ఆగిన చోటు దాటి ముందుకు పోయింది.

ధర్మవరంలో ఎవరో లాగిన్ అయి గీస్తున్నారని మొదట నాకు కోపం వచ్చింది. ఫోన్ చేసి గట్టిగానే అడిగాను. ఆయన గది తాళం తీయలేదన్నారు. పాస్‌వర్డ్ మార్చాను. చివరికి ఆ మిషన్‌కు నెట్‌వర్కే తీసేశాను. ఇక బయటినుంచి ఎవరూ అందులోకి రాలేరు. ఆ మధ్యాహ్నం కూడా వరుస పెరిగింది.

ఆ సాఫ్ట్‌వేర్ మనం గీసిన ప్రతి గీతనూ వెనక్కి తీసుకోవడానికి వీలుగా మెమరీలో దాచుకుంటుంది. ఎంత గీస్తే అంత మెమరీ. కాబట్టి మెమరీ ఎందుకు పెరుగుతోందో నాకు తెలిసింది. ఎవరు గీస్తున్నారన్నదే తెలియలేదు. ఒకటి మాత్రం చెప్పాలి. షావుకారు డిజైన్లు పనివేళల్లో గీసి, తన సొంతానివి భోజనాల వేళ గీసుకోవడం మా ఆయన పద్ధతి.

ఆ మిషన్‌ను బ్యాకప్‌లోంచి తీసేస్తే బిల్లింగ్‌కు ఇబ్బంది ఉండదు, ఆ బొమ్మా కదలదు. తీసేసిన ఆ ఒక్క రోజు మెమరీ పెరగకపోవడం చూశాను కదా. తెలిసి కూడా మళ్ళీ చేర్చాను. కెమెరాల మిషన్ నుంచి కొంత, హాజరు మిషన్ నుంచి కొంత మెమరీ లాక్కొచ్చి ఆయనకు ఇచ్చాను. ఇంట్లో ఉన్న కూర అంతా ఆయన కంచంలోనే వేసినట్టు. అన్నం డబ్బా పట్టుకుని సర్వర్ గదిలోనే తినేదాన్ని. ఆయన పోయాక నేను కాస్త కడుపునిండా తిన్నది ఆ రోజుల్లోనే.

అంచు పూర్తయి, ఒంటి మీద బుటాలు మొదలయ్యాక తెర కింద కొలతలు గమనించాను. చీర పన్నా, అంటే వెడల్పు, తక్కువగా ఉంది. అంగడి చీర ఏదీ అంత తక్కువ పన్నాతో నేయరు. పొరపాటేమో అనుకున్నాను. తర్వాత అర్థమైంది. నేను పొట్టిదాన్ని. ఏ చీరైనా నడుం దగ్గర ఇంత మడత లోపలికి దోపుకోవాలి. "నడుముకు మూట కట్టుకుని పోతాండావా?" అని ఎగతాళి చేసేవాడు. అది అమ్మడానికి గీసిన చీర కాదు. నాకు గీస్తున్న చీర. గదిలో ఫ్యాన్ల చప్పుడు ఉంటుంది కాబట్టి నా ఏడుపు బయటికి వినపడలేదు.

ఒంటికి చిలకపచ్చ వేశాడు. నాకు నప్పని రంగు. పెళ్ళయిన కొత్తల్లో మాట్లాడినట్టే తెర వైపు చూసి అన్నాను.

"ఆ పచ్చ ఏందయ్యా, నాకు నప్పదు."

మరుసటి మధ్యాహ్నం ఒళ్ళంతా ఉల్లిపొర రంగు ఉంది.

భయపడాలి కదా. నాకు భయం వెయ్యలేదు. సిగ్గు లేకుండా చెప్తున్నాను, సంతోషం వేసింది.

కానీ మెమరీకి అంతుంటుంది. సర్వర్‌లో ఇక లాక్కోవడానికి ఏమీ మిగల్లేదు. పల్లూ ఇంకా మొదలే కాలేదు. ఈ లెక్కన అది పూర్తయ్యేలోపే మెమరీ నిండి మిషన్ కూలిపోతుంది, గీసిందంతా పోతుంది. అప్పుడే షావుకారు పైకి వచ్చాడు. చెడ్డవాడు కాదు, కర్మకు అన్నీ తానే చూసుకున్నాడు.

"ఏమమ్మా, ఆదినారాయణ మిషన్ వల్లనే అంట గదా ఇదంతా. రేప్పొద్దునకి దాన్ని తీసేయ్. సీజన్లో బిల్లు నిలబడితే యట్లమ్మా?"

సరేనన్నాను. ఇంకేమనగలను?

ఆ సాయంత్రం పెనుకొండలో దిగకుండా, ఆ బెంచీ వైపు చూడకుండా, ధర్మవరం పోయాను. మా అత్త ఇప్పటికీ మగ్గం మీద కూర్చుంటుంది. ఫోన్‌లో ఫోటోలన్నీ వరసగా చూపించి, జరిగింది చెప్పాను. పిచ్చి పట్టిందంటుందేమో అనుకున్నాను. ఆమె ఫోటోలు చాలాసేపు చూసింది. వేలితో అంచు తడిమింది, అద్దం మీదే.

వాళ్ళ ఇంట్లో ఒక ఆచారం ఉంది. మగ్గం మీద చీర సగంలో ఉండగా నేసేవాళ్ళు పోతే, మిగతాది ఇంకెవరూ నేయరు. ఇంట్లో దగ్గరివాళ్ళు మగ్గం దగ్గర కూర్చుని, అయిపోయిందని పోయినవాళ్ళకు చెప్పి, ఎంతవరకు నేస్తే అంతవరకే కోసి తీస్తారు. మా మామ పోయినప్పుడు ఆమే చెప్పిందట, ఆమే కోసిందట.

"పోయినోని చేత పని చేయిస్తాండావు సుధా," అంది. గొంతులో కోపం లేదు. "వాడు నువ్వు సాలనే దాకా లేయడు. చిన్నప్పుటి నుంచీ అంతే. నువ్వే చెప్పాల. నేను చెప్తే వినడు."

మరుసటి రోజు షావుకారును మధ్యాహ్నం దాకా ఆగమన్నాను. బ్యాకప్ మొదలైంది. తెర ముందు కూర్చున్నాను. మెమరీ ఎంత నిండిందో చూపించే గీత పైకి పోతూనే ఉంది. తెర మీద పల్లూ మొదలయ్యే చోట ఒక హంస తల పడింది. ఆ పల్లూ ఎట్లా వస్తుందో చూడాలని నాకు ఎంత ఆశ ఉందో మీకు చెప్పలేను. గీత ఎర్రరంగులోకి పోయింది. కింద బిల్లింగ్ ఆగిపోయిందని అరుపులు.

"సాలయ్యా," అన్నాను. "బాగుంది. చానా బాగుంది. ఇంక లేసి అన్నం తిను."

కాసేపు ఏమీ కాలేదు. తర్వాత గడియారం గుర్తు పోయింది. మౌస్ మీద చెయ్యి పెడితే బాణం కదిలింది. నా చేతికి కదిలింది. సేవ్ నొక్కాను. సేవ్ అయింది. మెమరీ గీత మెల్లగా దిగుతూ దిగుతూ, ఎక్కడ ఉండాలో అక్కడికి వచ్చి నిలిచింది.

తర్వాత బెంగళూరులో ఈ పనిలోనే ఉన్న ఒక స్నేహితుడికి అంతా చెప్పాను. పాత సాఫ్ట్‌వేర్‌లో లోపం ఉంటుందన్నాడు. నిద్రలేచిన మిషన్, దాచుకున్న గీతలనే మళ్ళీ ఒక్కొక్కటిగా తెర మీదికి తెచ్చి ఉంటుందన్నాడు. కావచ్చు. నేనైనా అదే చెప్పేదాన్ని. మరి రంగు సంగతేమిటని అడిగితే, ఆయనే ముందు పచ్చ వేసి తర్వాత మార్చుకున్నాడేమో అన్నాడు. అదీ కావచ్చు. నాకు తెలియదు. ఎవరు ఎప్పుడు లోపలికి వచ్చారో సర్వర్ రాసుకునే చిట్టాలన్నీ చూశాను, ఎవరూ వచ్చిన గుర్తు లేదు. నేను మాట్లాడిన మాటలకూ, అది జరిగిన వేళలకూ లంకె ఏమిటో ఈ రోజుకీ తేల్చుకోలేకపోయాను.

ఆ చీర మా అత్తే నేసింది. ధర్మవరం డిజైనర్లు పల్లూ తాము పూర్తి చేసి ఇస్తామన్నారు, మంచి మనసుతోనే. వద్దన్నాను. ఒక హంస తల దగ్గర ఆగిపోయి, అక్కడినుంచి పల్లూ అంతా ఖాళీగా ఉంటుంది.

ఇప్పుడు బ్యాకప్ నేను అన్నం డబ్బా మూత తీసేలోపే అయిపోతుంది. బిల్లింగ్ ఆగదు, కింద ఎవరూ అరవరు. ఆ మిషన్‌ను షావుకారు ఉండనిచ్చాడు, ఇక దాని వల్ల ఇబ్బంది లేదు కదా అని. రోజూ మధ్యాహ్నం దాన్ని తెరిచి చూస్తాను. నెట్‌వర్క్ తిరిగి ఇచ్చాను. అవసరం లేకపోయినా మెమరీ కూడా ఎక్కువే ఇచ్చి ఉంచాను. ఏవేవో మాట్లాడతాను కూడా. కదలమని ఎన్నిసార్లు అడిగానో. అది మాత్రం, ఆగమన్న క్షణమే ఆగుతోంది.

సమస్య బాగుచేశానని షావుకారు నలుగురి ముందు మెచ్చుకున్నాడు. నిజమే. నేనే బాగుచేశాను.