అది కూడా రాయమన్న టీచరు గారు

టైపు టీచరు గారు పోయారని కబురు వచ్చినప్పుడు నేను గుడివాడలో, నేను పనిచేసే ల్యాబులో, ఒక పెద్దాయన చేతికి రబ్బరు పట్టీ బిగించి నరం కోసం చూస్తున్నాను. ఫోను రెండుసార్లు మోగి ఆగింది. మూడోసారి తీశాను. అవతల ఆవిడ మేనకోడలు.

"అక్కా, అత్త పొద్దున పోయిందక్కా. రేపు పదింటికి మా ఊళ్ళోనే, చర్చి వెనకాల," అంది.

సరేనని ఫోను పెట్టేశాను. మళ్ళీ సూది పట్టుకుంటే నరం దొరకలేదు. ఆ పెద్దాయన నెలనెలా వచ్చే మనిషి, ఎప్పుడూ ఇట్టే దొరుకుతుంది. పక్కనున్న అమ్మాయికి సూది ఇచ్చేసి బయటికి వచ్చాను. బస్టాండు దాకా నడిచాను, వెనక్కి వచ్చాను, మళ్ళీ నడిచాను. ఆ రోజంతా ఒకచోట కూర్చోవడం నా వల్ల కాలేదు.

ఆవిడా ఒకచోట కూర్చునే మనిషి కాదు. బందరులో ఆవిడ ఇంటి వెనక వాటాలో నేను మూడేళ్ళు అద్దెకున్నాను, ల్యాబు టెక్నీషియన్ కోర్సు చదువుకునేటప్పుడు. ముందు గదిలో ఒకప్పుడు టైపు ఇన్‌స్టిట్యూటు నడిచేది. కంప్యూటర్లు వచ్చి అది మూతపడినా, అర్జీలు టైపు చేయించుకోవడానికి వచ్చే జనం మాత్రం రావడం మానలేదు. వాళ్ళను కూర్చోబెట్టి ఆవిడ వరండా నుంచి వంటగదికీ, వంటగది నుంచి వరండాకీ తిరుగుతూ వినేవారు. వింటూనే కూర తరిగేవారు, వింటూనే మొక్కలకు నీళ్ళు పోసేవారు. వినడం లేదేమోనని వచ్చినవాళ్ళు ఆగిపోతే, "ఆగారేం? మూడో తారీకు పొద్దున అన్నారు, తర్వాత?" అనేవారు.

నేను ఆవిడ దగ్గర అర్జీ పట్టుకుని నిలబడతానని ఎప్పుడూ అనుకోలేదు.

మాది మంగినపూడి దగ్గర ఊరు. నాన్న సముద్రం మీద పోయాడు. ఆ తర్వాత అన్నయ్య వేటకు వెళ్ళేవాడు, అమ్మ చేపలు అమ్మేది. ఒకసారి ఒడ్డున కట్టిన వేరేవాళ్ళ పడవ నుంచి ఇంజను పోయింది. అన్నయ్యను అడిగేదుందని పొద్దున్నే పోలీసులు వచ్చి తీసుకెళ్ళారు. మర్నాడు సాయంత్రం వదిలారు. అన్నయ్య ఆటో దిగి, అరికాళ్ళు నేల మీద ఆనించలేక మడమల మీద నడిచి ఇంట్లోకి వచ్చాడు. స్టేషనులో అన్నయ్య పేరు ఏ కాగితంలోనూ ఎక్కలేదు. ఆ తర్వాతి వారం ఇంజను వేరే ఊళ్ళో, వేరే మనిషి దగ్గర దొరికింది. ఆ సంగతి కూడా మాకు ఎవరో చెప్పుకుంటుంటే తెలిసింది.

నేను నాలుగు పేజీలు రాసి టీచరు గారి చేతిలో పెట్టాను. ఆవిడ నడుస్తూ చదివారు.

"రెండు రోజులు నీళ్ళు కూడా ఇవ్వలేదని రాశావు. నువ్వు చూశావా?"

"లేదండీ."

"మీ అన్నయ్య చెప్పాడా?"

"ఒకాయన ఇచ్చాడటండీ."

"మరి? చూసింది చూశానని రాయి. విన్నది విన్నానని రాయి. నీ కోపం నీ దగ్గరే ఉంచుకో, అది ఎక్కడికీ పోదు."

మొదటి పేజీ అంతా కొట్టేశారు. అందులో తిట్లు తప్ప ఏమీ లేవు. ఏ తారీకు, ఎన్నింటికి, పిలవడానికి వచ్చినవాళ్ళు ఎంతమంది, చొక్కా మీద పేరేమిటి, ఏ గదిలో ఉంచారు అని మార్జినులో పెన్సిలుతో ప్రశ్నలు రాసుకుంటూ పోయారు. స్టేషనులో కెమెరాలుంటాయనీ, ఆ రెండు రోజుల రికార్డు చెరిపేయకుండా ఉంచాలని అడగడం మన హక్కనీ నాకు ఆ రోజే తెలిసింది. "ఇది ముందు రాయి. కాళ్ళు మానిపోతాయి, రికార్డు చెరిగిపోతుంది. రెండిటికీ టైము లేదు," అన్నారు.

చివరి పేజీ తిప్పి చూశారు. "మీ అన్నయ్య సంతకం ఏది?"

"అన్నయ్య వదిలేద్దాం అంటున్నాడండీ. ఊరి పెద్దాయన ఇంటికొచ్చి, రేపు మళ్ళీ వాళ్ళతోనే పని పడుతుంది కదరా అని చెప్పి వెళ్ళాడు. సంతకం నేనే పెట్టేస్తాను."

ఆవిడ నిలబడిపోయారు. ఆవిడ తిరగడం ఆపడం నేను చూసింది అదే మొదలు.

"మీ అన్నయ్యని అడక్కుండా స్టేషనుకి తీసుకెళ్ళారు. ఇప్పుడు నువ్వు కూడా అడక్కుండానే తీసుకెళ్తావా అమ్మాయ్?"

ఆ మాటకు నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. రెండు రోజులు ఆవిడతో మాట్లాడలేదు. ఆదివారం ఆరాధన అయిపోగానే ఆవిడే వచ్చి, "మీ ఊరు ఆటో ఎక్కడ ఎక్కాలి?" అని అడిగారు.

అన్నయ్య ఇంటి ముందు వల బాగుచేసుకుంటున్నాడు. ఆవిడ ఫిర్యాదు ఊసే ఎత్తలేదు. ఈ సైజు కన్ను ఏ చేపకి, ఈ తాడు ఎన్నాళ్ళు ఉంటుంది అని అడుగుతూ వల చుట్టూ తిరిగారు. అమ్మ టీ తెచ్చింది. చాలాసేపటికి అన్నయ్యే తలెత్తకుండా అన్నాడు.

"టీచరమ్మ గారూ, కొట్టింది కాదండి. కొడతారని తెలుసు. చచ్చిపోయిన మా నాన్న పేరెత్తి తిట్టారండి. దొంగకి పుట్టానన్నారు. అట్టాంటివి రాయొచ్చా అండి?"

"రాయొచ్చు బాబూ. ఏ మాట అన్నారో ఆ మాటే రాయొచ్చు."

అన్నయ్య సూది పక్కన పెట్టాడు. ఆ మాట ఎవరన్నారో, ఎన్నిసార్లన్నారో చెప్పాడు. చెప్పి, ఇంకో సంగతుందన్నాడు. వదిలిన మర్నాడు గవర్నమెంటు ఆస్పత్రికి వెళ్ళినప్పుడు, ఎలా తగిలిందని డాక్టరు గారు అడిగితే పడవ మీంచి పడ్డానని చెప్పాడట. చీటీ మీద అదే రాసి ఉంది.

"అయిపోయింది. ఇంక ఎవరు నమ్ముతారు?" అన్నాను.

"ఎందుకట్లా చెప్పావు బాబూ?"

"భయమేసిందండి. బయటికెళ్ళి చెప్పావంటే మళ్ళీ తెస్తామన్నారు."

"అయితే అది కూడా రాయి అమ్మాయ్. భయపడి అబద్ధం చెప్పాను అని రాయి. ఆ చీటీ వాళ్ళు తీసేలోపు మనమే తీసి బల్ల మీద పెడదాం."

రాసిందంతా అన్నయ్యకు రెండుసార్లు చదివి వినిపించారు. ఆయన సంతకం పెట్టాడు. అర్జీలు తీసుకునే సోమవారం నాడు మేం ముగ్గురం ఎస్పీ గారి ఆఫీసుకు వెళ్ళాం. మా కాపీ మీద ముద్ర, నంబరు పడేదాకా ఆవిడ కౌంటరు దగ్గర నుంచి కదల్లేదు. అక్కడి నుంచి నేరుగా పోస్టాఫీసుకు నడిపించి, పోలీసుల మీద ఫిర్యాదులు వినే అథారిటీకి ఇంకో కాపీ రిజిస్టరు పోస్టులో పంపించారు.

"ఆఫీసులో తీసుకున్నారు కదండీ, మళ్ళీ ఇదెందుకు?" అన్నాను.

"ఒక తలుపే తట్టి ఇంటికెళ్ళి పడుకుంటే నాకు నిద్ర పట్టదు," అన్నారు.

ఆ తర్వాత నెలలు గడిచాయి. వీధిలో బండి ఆగితే అమ్మ ఉలిక్కిపడేది. తెలియని నంబరు నుంచి ఫోనొస్తే నేను తీయడానికి జంకేదాన్ని. ఊరి పెద్దాయన ఇంకో రెండుసార్లు వచ్చాడు. ఎవరు ఏ తారీకున వచ్చారో, ఏమన్నారో నోటుబుక్కులో రాయమన్నారు టీచరు గారు. రాశాం.

చివరికి గుడివాడలో వేరే అధికారి ముందు విచారణకు రమ్మని కబురొచ్చింది. లోపలికి అన్నయ్యనూ నన్నూ మాత్రమే రానిచ్చారు. ఆ అధికారి కాగితాలన్నీ ఓపికగా చదివారు. మధ్యలో ఆస్పత్రి చీటీ తీశారు.

"ఇందులో పడవ మీంచి పడ్డానని ఉంది?"

"అవునండి. భయపడి చెప్పానండి. ఏడో పేరాలో రాశానండి."

ఆయన ఏడో పేరా చూశారు. చీటీ ఊసు మళ్ళీ ఎత్తలేదు.

బయటికి వస్తే టీచరు గారు ఎండలో గేటుకూ చెట్టుకూ మధ్య తిరుగుతున్నారు. చెప్పులు దుమ్ముకొట్టుకుపోయాయి. "ఏమడిగారు?" అన్నారు. "అన్నీ రాసినవే అడిగారండి. కొత్తగా చెప్పడానికి నాకేం మిగల్లేదు," అన్నాడు అన్నయ్య. ఆవిడ నవ్వారు. "పదండి, ఆకలేస్తోంది," అన్నారు.

జవాబు ఒక్క పేజీలో వచ్చింది. ఒక కానిస్టేబులు మీద శాఖాపరమైన చర్య తీసుకున్నారట. స్టేషను ఎస్సై మీద ఆరోపణలకు తగిన ఆధారాల్లేవట. కెమెరా రికార్డు గురించి మాటే లేదు. నేను కాగితం ఆవిడ ముందు విసిరేసినంత పని చేశాను. ఆవిడకూ కోపం వచ్చింది. కానీ వెంటనే తెల్లకాగితం తీశారు. విచారణ నివేదిక ఇమ్మని సమాచార హక్కు కింద దరఖాస్తు, దానికి సరైన జవాబు రాకపోతే అప్పీలు. ఆ అప్పీలు ఇంకా తేలలేదు. కాకపోతే, ఆ తర్వాత మా వీధిలో ఒకాయన్ని స్టేషనుకి పిలిచినప్పుడు ముందు చేతికి నోటీసు ఇచ్చారు. ఇంట్లోవాళ్ళకు ఎప్పుడు పంపేదీ ఫోను చేసి చెప్పారు. సాయంత్రానికి పంపేశారు.

ఇదంతా ఎందుకు నెత్తినేసుకుంటారని ఒకసారి అడిగాను. చాలా ఏళ్ళ క్రితం, టైపు నేర్చుకునే అమ్మాయి ఒకామె ఆవిడ దగ్గరకు వచ్చి, ఒక కానిస్టేబులు రోజూ వెంట పడుతున్నాడని చెప్పిందట. "ఎవరితోనూ అనకు, దారి మార్చుకో అన్నాను. నేనే అన్నాను. వారం తర్వాత రావడం మానేసింది. ఎక్కడుందో తెలియదు." అంతవరకే చెప్పి లేచి, ఆరిన బట్టలు తేవడానికి పెరట్లోకి వెళ్ళారు. అక్కడ బట్టలేమీ లేవు. ఆ రోజు వర్షం.

కబురొచ్చిన మర్నాడు అన్నయ్య బండి మీద మోపిదేవి దాటి ఆవిడ ఊరు వెళ్ళాం. చర్చి వెనక మేం అనుకున్నదానికంటే ఎక్కువమంది ఉన్నారు. పామిడిముక్కల నుంచి వచ్చిన ఒక రైతు, ఇంకా ఎవరెవరో. ఒకరికొకరు తెలియదు, అయినా ఎవరూ ఎందుకొచ్చారని అడగలేదు. పాట అయ్యాక అన్నయ్య పార అందుకుని, వేరేవాళ్ళు అడిగినా ఇవ్వకుండా, చివరిదాకా మట్టి వేశాడు.

తిరిగి వచ్చేటప్పుడు పులిగడ్డ వంతెన మీద అన్నయ్య బండి ఆపాడు. కింద ఏటిలో ఒకాయన ఒంటరిగా చిన్న పడవలో నిలబడి వల లాగుతున్నాడు. వల ఎక్కడో పట్టుకుంది. లాగిన కొద్దీ పడవ పక్కకు ఒరుగుతోంది. అన్నయ్య రెయిలింగు మీదికి వంగి, ఛాతీలో ఉన్న ఊపిరంతా పెట్టి అరిచాడు.

"లాగమాక బావా! వదులు చేసి ఎడం పక్కకి రా!"

ఆ మనిషి ఎవరో మాకు తెలియదు. గాలికి మాట అందిందో లేదో కూడా తెలియదు. తలెత్తి, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని, వంతెన మీద ఎవరా అని వెతికాడు. తర్వాత వల వదులు చేసి, మెల్లగా ఎడం పక్కకు తెడ్డు వేయడం మొదలుపెట్టాడు.