శాలేమురాజు రాసిన చీటీ

శాలేమురాజు బాబాయ్‌తో వాదన పెట్టుకుని గెలిచినవాళ్ళు మా కాలేజీలో లేరు. బాపట్లలో పురుగుల మ్యూజియానికి ఆయన ముప్పై ఏళ్ళుగా అటెండరు. ప్రొఫెసర్లు మారారు, బీరువాలు మారాయి, వాటిలో కలరా ఉండలు వేసే చెయ్యి మాత్రం ఆయనదే. నేను, బిందుమాధవిని, రోజూ తెనాలి నుంచి రైల్లో వచ్చి ఆ పురుగులకు ఫొటోలు తీసి వెబ్‌సైటులో పెట్టే కాంట్రాక్టు మనిషిని.

మొదటిరోజే చెప్పాడు. "పురుగు కాలు విరిగినా పర్లేదమ్మా. కింద చీటీ మాత్రం పోకూడదు. ఏ ఊళ్ళో పట్టామో తెలియని పురుగు చెత్తబుట్టకే."

ఒకప్పుడు ఆ పెట్టెలు చూడాలంటే ఉత్తరం రాసి, రైలెక్కి వచ్చి, బాబాయ్ తాళం తీసేదాకా వరండాలో కూర్చోవాలి. ఫొటోలు నెట్‌లోకెక్కిన నెల తిరక్కుండా, బాపట్ల పేరు కూడా పలకలేనివాళ్ళు మా తూనీగల రెక్కల్లో ఈనెలు లెక్కపెట్టడం మొదలెట్టారు. నాకు భలే గర్వంగా ఉండేది.

ఆ గర్వం మీద ఒక వ్యాసం నీళ్ళు చల్లింది. విదేశీ శాస్త్రవేత్త ఒకాయన దాన్ని అచ్చుకు ముందే నెట్‌లో పెట్టి, ఎవరైనా కింద అభిప్రాయం రాయవచ్చన్నాడు. ఒక రకం చిన్న తూనీగ మన తీరానికి పదేళ్ళ కిందట మాత్రమే వచ్చిందని, అంతకుముందు ఇక్కడ లేదని ఆయన వాదన. అదే తూనీగ మా పెట్టెలో ఉంది. దాని కింద చీటీలో "మడ అడవి, రేపల్లె దగ్గర, ఆగస్టు 1996, శాలేమురాజు" అని ఉంది. ఆ చీటీ గురించి ఆయన రాసింది ఒక్క వాక్యం. వేరే పురుగు చీటీని దీనికి గుచ్చి ఉంటారు కనుక లెక్కలోకి తీసుకోలేదట. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

బాబాయ్‌కి చదివి వినిపించాను. ఆ రోజు ఆయన క్యారేజీ విప్పలేదు.

"అంటే నేను అబద్ధం రాశానంటాడా?"

"అలా అనలేదు బాబాయ్, పొరపాటన్నాడు."

"మన పనిలో రెండూ ఒకటేనమ్మా."

మ్యూజియం వ్యవహారాలు చూసే మధుసూదన్ గారు తేలిగ్గా తీసిపారేశారు. "అంత పెద్దాయనతో మనకెందుకండి? వచ్చే నెల రాజు రిటైరవుతున్నాడు, ప్రశాంతంగా పోనివ్వండి." నాకు ఒళ్ళు మండింది. వ్యాసం అలాగే అచ్చయితే బాబాయ్ రాసిన ప్రతి చీటీ మీదా అనుమానం నిలిచిపోతుంది. ముప్పై ఏళ్ళు పనిచేసి ఇంటికి వెళ్ళే మనిషికి ఇదా మర్యాద?

బాబాయ్ మాత్రం, "ఆదివారం రేపల్లె రా అమ్మా, మా ఇంట్లో వెతుకుదాం" అన్నాడు.

తూనీగ దొరకగానే ఆయన రెక్కలు నలక్కుండా ఆ రోజు పేపరు చింపి, ముక్కోణపు పొట్లం మడిచి అందులో పెట్టేవాడు. పురుగును పెట్టెలోకి మార్చాక పొట్లాన్ని ఎవరైనా పారేస్తారు. ఈయన దాని మీద పెన్సిలుతో ఆ పురుగు నంబరు వేసి ఇంటికి మోసుకెళ్ళేవాడు. "పాత పేపర్లవాడికి వేద్దామంటే ఒప్పుకుంటేగా," అంటూ ఆయన భార్య కృపారాణి మంచం కింద నుంచి రెండు రేకుపెట్టెలు లాగింది. "చుట్టాలొస్తే ఏం చెప్పాలో తెలియక చచ్చిపోతున్నాను."

మధ్యాహ్నం దాటాక మా తూనీగ నంబరున్న పొట్లం దొరికింది. విప్పితే 1996 ఆగస్టు పదకొండో తేదీ పేపరు, రేపల్లె వార్తల పేజీ. అది చాలదని నాకు తెలుసు. అందులో ఏ పురుగునైనా పెట్టి ఉండవచ్చంటారు. అప్పుడు కనబడింది, మడతలో గోరంత రెక్క ముక్క. గబగబా ఫోనులో ఆ తూనీగ ఫొటో తెరిచి పెద్దది చేశాను. పెట్టెలోని తూనీగకు వెనక రెక్క కొస లేదు.

"అది విరిగిన రోజు నాకు అన్నం సయించలేదమ్మా," అన్నాడు బాబాయ్.

ముక్కనూ రెక్కనూ పక్కపక్కన చేర్చి, ఈనెకు ఈనె కలిసిన ఫొటోను వ్యాసం కింద పెట్టాం. బాబాయ్ చెప్పిన మాటలే ఇంగ్లీషులో రాశాను: పట్టింది నేను, చీటీ రాసింది నేను, చూసుకోండి. వెంటనే ముగ్గురు నలుగురు శాస్త్రవేత్తలు మమ్మల్ని సమర్థిస్తూ రాశారు. నాలుగో రోజున ఆ పెద్దాయన తప్పు తనదేనని అందరూ చూసేలా ఒప్పుకున్నాడు. వ్యాసం తిరగరాశాడు. బాబాయ్ అనుమతి అడిగి, రచయితల్లో ఆయన పేరు కూడా చేర్చాడు. పాత రోజుల్లో అయితే మా ఉత్తరం అచ్చవడానికే ఏడాది పట్టేది.

ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. బాబాయ్ ముందు రచ్చ గెలిచాడు, ఇల్లు ఆ తర్వాత గెలిచాడు. మధుసూదన్ గారు మొదటి పేజీని ప్రింటు తీసి మ్యూజియం తలుపుకు తన చేత్తో అంటించి, అందరికీ టీలు తెప్పించారు. నేనైతే సంతోషం పట్టలేక ఏడ్చేశాను.

బాబాయ్ టీ చల్లారబెట్టుకుని, నా ఫోనులో వ్యాసంలోని మ్యాపును రెండు వేళ్ళతో పెద్దది చేసి చూస్తున్నాడు.

"చుక్క రేపల్లె ఊళ్ళో పెట్టాడమ్మా. ఊళ్ళో మడ అడవి ఎక్కడుంది? నేను పట్టింది ఇక్కడ, నిజాంపట్నం దగ్గర. మార్చమని రాయి."

"ఇప్పుడేగా బాబాయ్ క్షమాపణ చెప్పాడు, మళ్ళీనా?"

"క్షమాపణ నేను అడగలేదే. చుక్క సరిగ్గా పెట్టమను."

రాశాను. మర్నాడు పొద్దున తెనాలి ప్లాట్‌ఫాం మీద ఉండగానే కొత్త ప్రతి వచ్చింది. చుక్క సముద్రం వైపు జరిగింది.