కడుపు బయట పేగులు

కిందటేడు చిత్తూరులో మా చెల్లెలికి ఆడబిడ్డ పుట్టింది. బొడ్డు పక్కనున్న రంధ్రంలోంచి బిడ్డ పేగులు బయటికి వచ్చి ఉన్నాయి. అక్కడి డాక్టరమ్మ వాటిని పలుచని ప్లాస్టిక్ సంచిలో భద్రపరిచి, వెంటనే తిరుపతిలో పిల్లల సర్జన్ దగ్గరికి పంపించింది. చెల్లెలు లేవలేని స్థితిలో ఉంది. అంబులెన్సులో బిడ్డ పక్కన నేను కూర్చున్నాను.

"పేగుల రంగు సూస్తా ఉండక్కా. నల్లబడితే సెప్పు" అన్నాడు అంబులెన్సు టెక్నీషియన్.

పూతలపట్టు దాటాక గులాబీ రంగు ఊదాగా మారసాగింది.

"ఇట్ల సూడప్పా, రంగు మారతా ఉండాది!" అని అరిచాను.

అతను బండి ఆపించి, బిడ్డను మెల్లగా కుడిపక్కకు తిప్పి, మెలికపడిన పేగుల కింద గుడ్డ మడిచి పెట్టాడు. కాసేపటికి మళ్ళీ గులాబీ రంగు వచ్చింది.

తిరుపతిలో సర్జన్, "ఒకేసారి లోపలికి తోస్తే బిడ్డకు ఊపిరాడదమ్మా. పేగులున్న సంచిని పొట్టకు పైన నిలువుగా వేలాడదీస్తాం. కొంచెం కొంచెంగా అవే లోపలికి దిగుతాయి" అన్నారు. నాకు నమ్మకం కుదరలేదు. కానీ రోజురోజుకూ సంచి ఖాళీ అవుతూ వచ్చింది.

అది పూర్తిగా ఖాళీ అయి తీసేశాక చెల్లెలు వచ్చి, బిడ్డ మీది గుడ్డ తీసింది. బొడ్డు దగ్గర చిన్న కట్టు మాత్రమే ఉంది.

"కోసింది యాడక్కా?"

"కొయ్యనే లేదే" అన్నాను. నన్ను పట్టుకుని ఏడ్చేసింది.

ఆ దారి పొడవునా దేవుడికి మొక్కాలని కూడా నాకు తోచలేదు. ఇప్పుడు ఆ పిల్ల గోడ పట్టుకుని నడుస్తోంది. పడుతుందేమోనని ఇంట్లో అందరూ పరిగెత్తుతారు. పడితే పడనీ, అదే లేస్తుందిలే అంటాను నేను.