ఎన్నిస్‌లో ఒక శనివారం, స్ట్రాల వంతెన

ఈ ప్రయాణానికి కారణం ఒక ఫోన్ కాల్. ఐర్లండ్‌లోని ఎన్నిస్‌లో స్పానిష్ మాట్లాడే పిల్లలకు శనివారాలు ఇంగ్లీషు చదవడం, రాయడం నేర్పే సుజాత ఆంటీ, "నువ్వు ఇంజినీరువి గదా, పిల్లలతోని ఏదన్న కట్టిపిచ్చి రాపియ్యరాదే," అన్నారు. చిలీ నుంచి వచ్చిన తొమ్మిదేళ్ళ కమీలా మూడు నెలలుగా ఒక్క ముక్క రాయలేదట. ఈ వారమూ ఇంతే అయితే ఇక రానని వాళ్ళమ్మతో చెప్పేసిందట. అది విన్నప్పటి నుంచి నాకు ఒకటే గుబులు.

నేనుండే అత్లోన్‌లో ఉదయం రైలెక్కి గాల్వేలో మారితే మధ్యాహ్నానికల్లా ఎన్నిస్ చేరవచ్చు. టికెట్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకుంటే చవక. దారిలో ఏమున్నాయో మాత్రం అడగకండి, ఒళ్ళో పెట్టుకున్న సూచనల కాగితాలను దిద్దుకుంటూనే కూర్చున్నాను. స్టేషన్ నుంచి క్లాసు జరిగే లైబ్రరీకి నడిచి వెళ్ళిపోవచ్చు కానీ వంతెనలు కట్టించడానికి స్ట్రాలు, టేపులు, వాటిమీద బరువు పెట్టి చూడటానికి బీన్స్ డబ్బాలు ఉన్న సంచులతో టాక్సీ ఎక్కాను. పది యూరోలైంది. నా మొహం చూసి డ్రైవర్, "ఇంటర్వ్యూకా?" అన్నాడు.

"పిల్లలకు క్లాసు. మొదటిసారి."

"ఓ, గ్రాండ్! అది ఇంటర్వ్యూ కంటే కష్టం," అని నవ్వాడు. ధైర్యం చెబుతాడనుకున్నాను.

నేను పనిచేసేది వైద్య పరికరాల ఫ్యాక్టరీలో. అక్కడ పద్ధతంతా చదివి సంతకం పెట్టందే ఎవరూ స్క్రూ కూడా ముట్టుకోరు. ఆ అలవాటు కొద్దీ పిల్లలందరికీ రెండేసి పేజీల ఇంగ్లీషు పంచి, చదివి సంతకం చేశాకే స్ట్రాలిస్తానన్నాను. కమీలా కాగితం బోర్లించి తలుపు వైపు చూసింది.

"ఫ్యాక్టరీ అనుకున్నవా బిడ్డా?" అని ఆంటీ నా చెవిలో గొణిగారు. "ముందుగాల స్ట్రాలియ్యి. కట్టినంక మాట్లాడతరు, మాట్లాడినంక రాస్తరు."

ఇచ్చాను. రెండు బల్లల మధ్య కమీలా కట్టిన వంతెన రెండో డబ్బాకే కూలింది. ఆ పిల్ల స్పానిష్‌లో గడగడా మొదలుపెట్టింది. ఏడుస్తుందేమోనని హడలిపోయాను. ఆంటీ తన వచ్చీరాని స్పానిష్‌లో ఏదో చెప్పి, నాతో, "ఎందుకు కూలిందో జెప్తున్నది. స్పానిష్‌లనే రాయమన్న," అన్నారు. కమీలా ఐదు వరుసలు రాసింది. ఆంటీని అడిగి అడిగి వాటి కింద ఇంగ్లీషులో మరో రెండు: నా వంతెన కూలింది. ఎందుకో నాకు తెలుసు.

ఈ దేశం వచ్చిన కొత్తలో, పని తెలిసి కూడా మీటింగుల్లో ఇంగ్లీషులో మాట పెగలక కూర్చున్నదాన్ని నేను. అదంతా మరిచిపోయి ఆ పిల్ల ముందు రెండు పేజీలు పడేశాను. తిరుగు రైల్లో చాలాసేపు సిగ్గేసింది.

ఇలాంటి క్లాసుకు వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట: డబ్బాలు ఎక్కువ తీసుకెళ్ళండి, నేను నాలుగే తెచ్చాను. ఆ రోజు లైబ్రరీ నుంచి బయల్దేరుతుంటే కమీలా తలుపు దగ్గర నన్ను ఆపి, వచ్చే శనివారం ఎన్ని తెస్తావని ఇంగ్లీషులో అడిగింది.