మనోళ్లు నెమ్మదించిన కాలం

గత నెల ఒక సాయంత్రం మా కళాశాల బస్సు తూంకుంట దగ్గర వాహనాల రద్దీలో చిక్కుకుని చాలాసేపు కదలలేదు. నా వెనుక సీటులో ఇద్దరు విద్యార్థులు ఒకే ఫోనులో ఏదో పాట చూస్తూ వాదించుకుంటున్నారు. చెరొక చెవిలో ఇయర్‌ఫోను ఉండటం వల్ల తాము ఎంత గట్టిగా మాట్లాడుతున్నారో వారికి తెలియడం లేదు. "ముసలోళ్లైన్రు భయ్. సగం పాట జనంతోనే పాడిపిస్తుండు. ఇగ ఇంట్ల కూసుంటే ఇజ్జతన్న మిగులుతది," అన్నాడు ఒకడు. "డెబ్బై దాటినంక నువ్వు గా స్టేజీ మెట్లెక్కు, సూస్త," అన్నాడు రెండోవాడు. అధ్యాపకురాలికి తగని ఆసక్తితో నేను కొద్దిగా వెనుకకు తిరిగి తెర వైపు చూశాను. తల పూర్తిగా నెరిసిన ఆ గాయకుణ్ని వెంటనే గుర్తుపట్టాను. ఆయన పేరు గాని, ఆ బ్యాండు పేరు గాని ఇక్కడ రాయను. మా చిన్నాయన దుకాణంలో కూడా ఆ పేరు ఎవరూ పలికేవారు కాదు. నోరు తిరగక కొందరు, అవసరం లేక కొందరు. వారిని అక్కడ "మనోళ్లు" అనేవారు.

మా బాపు శామీర్‌పేట చెరువులో చేపలు పట్టేవారు. ఆయన తమ్ముడికి, అంటే మా చిన్నాయనకు, నీళ్లంటే భయం. చేపలు పట్టే ఇంట్లో పుట్టి నీళ్లకు భయపడేవాడు కరెంటు పట్టుకోక ఏం చేస్తాడని మా అవ్వ నవ్వేది. ఆయన మేడ్చల్‌లో మైక్ సెట్టు దుకాణం పెట్టుకున్నాడు. పెళ్లిళ్లకు, బోనాలకు, సభలకు ఆంప్లిఫయరు, మనిషెత్తు స్పీకరు బాక్సులు కిరాయికి ఇచ్చేవాడు. ఆ దుకాణంలో వేడెక్కిన దుమ్ము వాసన, వైర్లు అతికే సీసం వాసన, ఏదో పెళ్లిలో బాక్సుల సందుల్లో ఇరుక్కుని ఎండిపోయిన బంతిపూల వాసన ఎప్పుడూ కలిసి ఉండేవి. బయటికి పంపే ముందు ప్రతి బాక్సునూ పరీక్షించాలి కదా. దానికి మనోళ్ల పాటను మించినది లేదని చిన్నాయన సిద్ధాంతం. మొదట డ్రమ్ములు పిడుగుల్లా పడతాయి. ఆ తర్వాత కొత్త గుడ్డను నిలువునా చింపినట్టు గిటారు లేస్తుంది. అంతటితో బాక్సు బాగున్నదో లేదో తేలిపోతుంది. పరీక్ష పూర్తయినా ఆయన పాటను ఆపేవాడు కాదు. ఎదురుగా ఉన్న హోటల్లో చాయ్ గ్లాసులు గలగలమంటూ ఉండేవి.

ఆ పాటలు మేడ్చల్‌కు వచ్చిన దారి కూడా చెప్పాలి. యాప్రాల్‌లో ఉండే ఒకాయన చర్చిలో గిటారు వాయించేవాడు. ఒకసారి క్రిస్మస్‌కు మైకు మాట్లాడుకోవడానికి వచ్చి చిన్నాయనకు స్నేహితుడయ్యాడు. ఇద్దరూ ఒకరినొకరు "బావా" అని పిలుచుకునేవారు కనుక నాకు ఆయన మామ అయ్యాడు. మామ వాళ్ల నాన్న కంటోన్మెంటులో ఒక అధికారి ఇంట వంట చేసేవాడు. ఆ ఇంటి నుంచి మామ ఒక క్యాసెట్టు అడిగి తెచ్చాడు. చిన్నాయన దుకాణంలో దానికి నకలు తీసి, అసలు క్యాసెట్టును తిరిగి ఇచ్చేశారు. మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా ఉన్న కొద్దిమంది అభిమానులందరి దగ్గరా ఉండేవి ఆ నకలుకు నకళ్లే. ఆదివారం చర్చి అయిపోగానే మామ గిటారు తీసుకుని దుకాణానికి వచ్చేవాడు. క్యాసెట్టు స్థాయికి సరిపోయేలా తీగలు బిగించేవాడు. బిగించగా బిగించగా అవి టప్పున తెగేవి. "ఇంగ్లీషోళ్ల తీగలు వేరే ఉంటయి బావా. మనయి ఆగయి," అని నిట్టూర్చేవాడు.

మా ఇంట్లో డిగ్రీ వరకు చదివినది నేనొక్కదాన్నే కనుక ఆ పాటలకు అర్థం చెప్పే బాధ్యత నా మీద పడింది. నేను దాన్ని పరీక్షలాగే తీసుకున్నాను. నిఘంటువు పెట్టుకుని, పాటను ఆపుతూ, మళ్లీ తిప్పుతూ రెండు ఆదివారాలు శ్రమించాను. చివరకు నిలబడి, ఒక మనిషి వానలో బండి మీద పోతూ వదిలిపోయిన అమ్మాయిని తలుచుకుంటున్నాడని వివరించాను. "గింతేనా?" అన్నాడు చిన్నాయన. "ఇగ అర్థం జెప్పకు బిడ్డా. పాట ఖరాబైతది." నా చదువుకు ఆ దుకాణంలో దక్కిన గౌరవం అంతవరకే.

సీడీలు వచ్చిన కాలంలో ఈ సంతోషానికి బీట పడింది. మామ సికింద్రాబాద్‌లో మనోళ్ల సీడీ కొని, మిఠాయి డబ్బాలా రెండు చేతులతో పట్టుకుని తెచ్చాడు. పెట్టాము. డ్రమ్ములు పడ్డాయి, కాని నిదానంగా. గిటారు లేచింది, కాని కింది స్థాయిలో. గాయకుడి గొంతు బరువుగా, ఎవరినో బుజ్జగిస్తున్నట్టు ఉంది. చిన్నాయన ముందు వైర్లు మార్చాడు, తరువాత బాక్సు మార్చాడు, చివరకు అట్ట తిప్పి చూశాడు. దాని మీద నెరిసిన తలలతో, కళ్లద్దాలతో బ్యాండులోని నలుగురూ ఉన్నారు. ఆయనకు అంతా అర్థమైపోయింది: వయసు మళ్లాక డబ్బు కోసం పాత పాటలనే మళ్లీ పాడి అమ్ముతున్నారు!

మామ కూడా అదే నమ్మాడు. కాని ఆయన తీర్పు వేరు. "గొంతు తగ్గింది, శ్రుతి దించుకున్నరు. మా చర్చిల గూడ పెద్దోళ్లు పాడితే దించుతం బావా. తప్పేంది?" అన్నాడు.

"అందుకే నీకు మంచిగనిపిస్తాంది. మీ చర్చి పాట లెక్క సల్లబడ్డరు గాళ్లు!" అన్నాడు చిన్నాయన.

అంతవరకు మనోళ్లుగా ఉన్నవారు ఆ మాటతో "గాళ్లు" అయిపోవడం నాకు ఇప్పటికీ చెవిలో మోగుతూనే ఉంటుంది. మామ సీడీని అట్టలో పెట్టుకున్నాడు. చాలా మెల్లగా అడిగాడు: "ముసలోళ్లైతే ఇడిచిపెడ్తవా బావా? రేపు నాకు చెయ్యి వడిపోతే నన్ను గూడ గిట్లనే ఇడిచిపెడ్తవన్నట్టు."

చిన్నాయన వైర్లు చుట్టుకుంటూ కూర్చున్నాడు. ఆ తరువాత ఆదివారాలు మామ రాలేదు. క్రిస్మస్‌కు చర్చి వాళ్లు వేరే చోట మైకు మాట్లాడుకున్నారు. చిన్నాయన బాక్సులను రేడియో వార్తలతో పరీక్షించడం మొదలుపెట్టాడు. "గా ఇంగ్లీషోళ్లకు వీళ్లిద్దరి పంచాయతి ఎరుకనా? ఎరుకైతే గాళ్లన్న వచ్చి రాజీ జేద్దురు," అని మా చిన్నమ్మ చాయ్ పోస్తూ అనేది. అది హాస్యమే గాని, మామ కోసం ఇంకో గ్లాసు తెచ్చే అలవాటు ఆమెకు చాలా కాలం పోలేదు.

నాకు మాత్రం ఒక సందేహం మిగిలిపోయింది. పాట అదే, మనుషులు వారే. మరి అభిప్రాయం ఎక్కడ మారుతుంది? ఉద్యోగంలో చేరి, బౌరంపేట్‌లో ఇల్లు తీసుకుని, చేతికి మంచి ఫోను వచ్చాక ఒకనాడు ఆ బ్యాండు కోసం వెతికాను. వారు యువకులుగా ఉన్నప్పుడు ఏదో మైదానంలో పాడిన పాత వీడియో దొరికింది. అదే పాట. చూస్తూ చూస్తూ నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. ఆ ఆదివారం, కారణం చెప్పకుండా, మామను దుకాణానికి రమ్మని బతిమాలాను. చర్చి బట్టలతోనే వచ్చాడు. చిన్నాయన తలెత్తి, "కూసో," అని మాత్రం అన్నాడు. ఇద్దరూ ఒక పొడవాటి బాక్సును పడుకోబెట్టి దాని రెండు చివర్లలో కూర్చున్నారు. మధ్యలో ఇంకో మనిషి సులువుగా పట్టేంత చోటు ఉంది.

ఫోనును ఆంప్లిఫయరుకు తగిలించాను. డ్రమ్ములు పడ్డాయి, నిదానంగా. గిటారు లేచింది, కింది స్థాయిలో. అచ్చంగా ఆ సీడీలో ఉన్నట్టే. మామ తెరకు దగ్గరగా వంగాడు. "బావా, ఇందుల గీళ్లకు మీసాలు గూడ సక్కగ మొలువలె. గప్పుడే ముసలోళ్లెట్లైన్రు?"

చిన్నమ్మ లోపలి నుంచి పాత టేప్ రికార్డరు, మా క్యాసెట్టు తెచ్చింది. రెండూ ఒకదాని తర్వాత ఒకటి విన్నాము. సందేహం లేదు. మనోళ్లు అంత వేగంగా, అంత పైస్థాయిలో ఎన్నడూ పాడలేదు. మా క్యాసెట్టులో మాత్రమే పాడారు. సీడీలో కొత్తది అట్ట మీది ఫోటో ఒక్కటే, పాట పాతదే. చిన్నాయన చాలాసేపు తన అరచేతులు చూసుకున్నాడు. ఆయన నోరు మెదపకుండా ఉంటే ఈ సంగతి ఎవరికీ తెలిసేది కాదు.

"స్క్రూ నేనే తిప్పిన," అన్నాడు చివరికి. బరాత్‌లో పాట నిదానంగా ఉంటే దూకుతున్న పిల్లలు ఊరుకోరు. అందుకని క్యాసెట్టు డెక్కు వెనుక మోటారుకు ఉండే చిన్న స్క్రూను తిప్పి వేగం పెంచేవాడట. వేగం పెరిగితే పాట స్థాయి కూడా పైకి పోతుంది. శామీర్‌పేటలో ఒక పెళ్లికి అలాగే తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పడం మరిచిపోయాడు. మామ తెచ్చిన క్యాసెట్టుకు నకలు తీసింది ఆ డెక్కు మీద నుంచే. "పాపం, నా మోటారు జేసిన పనికి మనోళ్లను ఇన్నేండ్లు తిట్టిన. నిన్ను గూడ."

మామ ముఖంలో కోపం కోసం వెతికాను. "అంటే, నేను వాళ్లను మాఫ్ జేసుడు గూడ దండుగనేనా?" అన్నాడాయన. అంతలోనే, "నా తీగలు! ఎన్ని తీగలు తెంపించినవ్ బావా!" అని పకపకా నవ్వాడు. చిన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చిన్నాయన నవ్వాడా, ఏడ్చాడా అనేది నేను నిర్ధారించి చెప్పలేను.

ఇంతటితో ముగిసి ఉంటే ఇది చక్కని కథ అయ్యేది. కాని చిన్నాయన, "మరి ఇప్పుడెట్ల పాడుతున్నరు బిడ్డా?" అని అడిగాడు. ఇటీవలి ప్రదర్శన ఒకటి వెతికి పెట్టాను. ఈసారి పాట నిజంగానే దిగిపోయింది. డ్రమ్ముల దగ్గర కొత్త మనిషి ఉన్నాడు. గాయకుడు పైస్థాయి వచ్చే చోట మైకును జనం వైపు తిప్పి, ఊపిరి కూడదీసుకుంటున్నాడు. గిటారు మనిషి వేళ్లు తీగను వెతుక్కుంటున్నాయి. మామ తన కుడిచేతిని ఒడిలోకి తీసుకున్నాడు. ఆ చెయ్యి సరిగా ఆడక, ఆ ఏడాది నుంచి చర్చిలో గిటారు పిల్లలే వాయిస్తున్నారని మాకు అప్పటికి తెలియదు. "బంద్ జెయ్యి బిడ్డా," అంటూ లేచాడు. "వాళ్లనిట్ల సూడ నాతోని కాదు."

లేని ముసలితనాన్ని అంత ఉదారంగా క్షమించిన మనిషి, ఉన్నదాన్ని చూడలేకపోయాడు. తిట్టిపోసిన మనిషి మాత్రం చెయ్యి చాచి, స్నేహితుడి చొక్కా అంచు పట్టుకున్నాడు. "అప్పుడు ఉత్తపుణ్యానికి కొట్లాడినం. ఇప్పుడు నిజంగ ముసలోళ్లైన్రు. గిప్పుడే లేసి పోతే ఎట్ల బావా? కూసో. పాట అయిపోనియ్యి," అన్నాడు. రెండో చేత్తో శబ్దాన్ని ఇంకొంచెం పెంచాడు. మామ కూర్చున్నాడు, ఈసారి బాక్సు చివర కాదు, చిన్నాయన పక్కనే. ముసలితనం వచ్చిందని ఎన్నో ఏళ్ల ముందే పొరబడి తగవు పడిన ఆ ఇద్దరూ, అది నిజంగా వచ్చిన నాడు మాత్రం లేచి వెళ్లిపోకుండా, కొద్దిగా జరిగి దానికి చోటిచ్చారు.