అర్థం కాని పదకొండు నిమిషాలు

ఒంగోలు వైపు ఒక ఆసుపత్రి క్యాజువాలిటీలో నర్సుగా పనిచేస్తున్నాను. రెండేళ్ళ కిందట మాకు ఒక ట్యాబ్ ఇచ్చారు. దెబ్బతో వచ్చినా జ్వరంతో వచ్చినా, వచ్చిన ప్రతి మనిషినీ అందులో ఉన్న నాలుగు ప్రశ్నలు అడగాలి. ఈమధ్య బతకాలని లేదనిపించిందా, చనిపోవాలన్న ఆలోచన వచ్చిందా, ఇలాంటివి. జవాబుల్ని బట్టి తెర మీద ఆకుపచ్చో ఎరుపో వస్తుంది. ఎరుపు వస్తే మానసిక వైద్యుడికి అప్పటికప్పుడు కబురు వెళ్తుంది.

మొదట్లో నాకు అడగడానికి నోరు వచ్చేది కాదు. తర్వాత తెలిసింది, ఎవరైనా అడిగితే బాగుండునని చాలామంది కాచుక్కూర్చున్నారని. అందుకే ఆ ట్యాబ్‌ని నమ్మాను.

ఒకరోజు పొద్దున పదింటికి చీమకుర్తి క్వారీ నుంచి ఒకాయన్ని తీసుకొచ్చారు. ఒడిశా మనిషి. నలభై దాటుంటాయి, మీసం నెరిసింది. రాయి పడి ఎడమచేతి వేళ్ళు రెండు నలిగాయి. వెంట వచ్చిన మేస్త్రీ తెలుగువాడు, ఒడియా కూడా తెలుసు. కట్టు కట్టాక ట్యాబ్ తీశాను. అందులో ఉన్నవి తెలుగూ ఇంగ్లీషే.

మొదటి ప్రశ్న చదివి, "ఆయన్ని అడిగి చెప్పండి," అన్నాను.

మేస్త్రీ నవ్వాడు. "వేళ్ళు నలిగితే చావాలనుకుంటారా మేడం?"

"అందర్నీ అడుగుతామండీ. అడగండి."

నేను చదివిన పొడుగాటి ప్రశ్న మేస్త్రీ నోట మూడు మాటలైంది. ఆ మనిషి మాత్రం చాలాసేపు మాట్లాడాడు. మేస్త్రీని కాదు, నన్నే చూస్తూ. మధ్యమధ్యలో "జియ, జియ" అన్నాడు.

"ఏం లేదంటున్నాడండి," అన్నాడు మేస్త్రీ.

నాలుగు ప్రశ్నలకీ అదే జవాబు. ఆకుపచ్చ వచ్చింది. నాకు మనసొప్పలేదు. కానీ బయట ఇంకో ముగ్గురు స్ట్రెచర్ల మీద ఉన్నారు. మళ్ళీ ఫోన్ చెయ్యాలి అన్న చోట టిక్కు పెట్టి, ఆయన నంబరు ఎక్కించి పంపించేశాను.

మూడో రోజు ట్యాబ్ గుర్తుచేసింది. అందులోంచే ఫోన్ చేశాను. "హాస్పిటల్ సిస్టర్‌ని," అనగానే ఆయన గొంతు మారిపోయింది. మాట్లాడడం మొదలుపెట్టాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు. మా ఊరు గుంటూరు దగ్గర. చిన్నప్పుడు మిరపకోతలకి కర్నూలు వైపు నుంచి కూలీలు వచ్చేవాళ్ళు. యాస వేరే అయినా వాళ్ళ కష్టం మాకు తెలిసేది. ఇది అలా కాదు. ఏడుస్తున్నాడని తెలుస్తోంది, ఎందుకో తెలియడం లేదు. పెట్టెయ్యడానికి చెయ్యి రాలేదు. ఊఁ కొడుతూ కూర్చున్నాను. ఒకచోట ఆగాడు, నన్నేదో అడిగినట్టు. "చెప్పండి," అన్నాను, ఇంకేమనాలో తెలియక. మళ్ళీ కాసేపు మాట్లాడి తనే పెట్టేశాడు.

పదకొండు నిమిషాలని ట్యాబ్ చూపించింది. కింద రెండే గళ్ళు: మాట్లాడారు, ఎత్తలేదు. మాట్లాడారు అన్నది నొక్కాను. పేరు జాబితాలోంచి వెళ్ళిపోయింది.

నా సొంత ఫోన్‌లోనే మాటను వేరే భాషలోకి మార్చే యాప్ ఉంది. ఆ సంగతి ఇంటికెళ్ళే బస్సులో గుర్తొచ్చింది. మర్నాడు చేస్తే స్విచాఫ్. ఆ మర్నాడూ అంతే. డాక్టరుగారికి చెప్పాను. "భాష తెలిసినవాళ్ళు కావాలమ్మా, పైవాళ్ళకి రాసి పంపుదాం," అన్నారు. రాశాం.

నెల దాటాక అదే మేస్త్రీ ఇంకొకర్ని కుట్లకి తీసుకొచ్చాడు. "వేళ్ళు నలిగినాయన ఎలా ఉన్నాడండీ?" అని అడిగాను.

"పోయాడు మేడం."

"ఊరికా?"

అతను తల అడ్డంగా ఊపాడు. "చనిపోయాడు. తనే చేసుకున్నాడు."

ఆ రోజు ఆయన పదేపదే అన్న మాట గుర్తొచ్చింది. "జియ అంటే ఏంటి?" అన్నాను.

"కూతురండి. వానాకాలంలో ఆ పిల్ల జ్వరమొచ్చి పోయింది. అప్పట్నుంచీ తిండి సరిగా తినేవాడు కాదు."

"ఆ రోజు మీతో అదే చెప్పాడా?"

అతను నేలచూపులు చూశాడు. "చెప్పాడండి. పడుకుంటే లేవకుండా ఉంటే బాగుండునన్నాడు. వేళ్ళ కోసం వచ్చాం కదా, ఇది ఇక్కడ చెప్పే మాట కాదనుకున్నాను. అతన్ని పనిలోంచి తీసేస్తారేమోనని కూడా..." అని అరచేత్తో మొహం తుడుచుకున్నాడు. అతన్ని తిడదామని నోటిదాకా వచ్చింది. పదకొండు నిమిషాలు విని జాబితాలోంచి పేరు తీసేసినదాన్ని, ఏమని తిట్టను?

ఆ సాయంత్రం ట్యాబ్‌లో ఆయన పేరు వెతికాను. ఆకుపచ్చలోనే ఉంది. మార్చబోతే, ముగిసిన రికార్డు మార్చడం కుదరదని వచ్చింది.

తర్వాత కొన్నాళ్ళకి ట్యాబ్‌లోకి ఒడియా వచ్చింది, రికార్డు చేసిన గొంతుతో. మొదటిసారి ఒక వంటమనిషికి ఇయర్‌ఫోన్లు పెట్టాను. ఒక చేతి మీద వేడినూనె పడి వచ్చింది. రెండో ప్రశ్నకి కళ్ళు మూసుకుంది. నాలుగోదానికి అవునన్న గడి మీద తనే వేలు పెట్టింది. తెర ఎర్రబడింది. కబురందుకుని డాక్టరుగారు పరుగున వచ్చారు. ఆయనకి ఒడియా రాదు. నా ఫోన్‌లో యాప్ తెరిచాం. ఆమె ఏడుపులో మాటలు దానికి అందలేదు. స్టేషన్ దగ్గర ఒడియా తెలిసిన రైల్వే ఉద్యోగి ఒకాయన ఉన్నాడని ఎవరో అంటే మనిషిని పంపాం. ఆయన వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. అంతవరకూ నేను ఆమె కాలని చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఆమె ఏదో చెబుతూనే ఉంది.