నుదుటి మీద మూడు గీతలు

నిన్న నూజివీడులో కాయల లారీ పక్కన నిలబడగానే మామిడి సొన ఘాటు తగిలి, తమ్ముడి నుదురు గుర్తొచ్చింది.

అప్పుడు నాకు పదేళ్లు, వాడికి ఏడు. బడి నాటకంలో వాడు యువరాజు. నుదుటి మీద మూడు గీతలున్నవాడు సొంతవాళ్ల చేతిలోనే నాశనమవుతాడని మొదటి రంగంలోనే జ్యోతిష్కుడు చెబుతాడు. ఆ గీతలు గీసే పని నాది. రిహార్సల్లో పెన్సిల్ గీతలు చెమటకు చెరిగిపోయాయి. గీతలు లేకపోతే జోస్యం ఎవరికి తగలాలో తెలియక నాటకం ఆగిపోతుందని నా భయం. అందుకే పచ్చి మామిడికాయ తొడిమ తుంచి సొనతో గీశాను. అది చర్మాన్ని కాలుస్తుందని, ఆ మరక చెమటకు పోదని నాకు తెలుసు.

"అన్నయ్యా, మండుతోంది!"

"యువరాజువిరా, ఏడవకూడదు. కదిలితే గీత వంకరపోద్ది."

స్టేజీ మీద వాడు నుదురు పట్టుకుని ఏడుస్తుంటే జనం చప్పట్లు కొట్టారు. "ఏం చేస్తున్నాడండీ బుడ్డోడు!" అన్నారెవరో.

తెల్లారేసరికి బొబ్బలు లేచాయి. అమ్మ అడిగితే "వేషం రంగు ఒంటికి పడలేదేమో" అన్నాను. తమ్ముడు నా వంక చూశాడు. నాయనమ్మ "వాడి రాత, ఏం చేస్తాం" అంది. నేనూ తలూపాను.

జోస్యాన్ని నిజం చేసింది విధి కాదు, నేను. ఇప్పటికీ బొబ్బలు మానాక మిగిలిన ఆ నల్లమచ్చల గురించి ఎవరడిగినా, తమ్ముడు "పుట్టినప్పటి నుంచీ ఉన్నాయండీ" అంటాడు. నేను పక్కనే ఉంటాను.